నిప్పురవ్వ బలహీనపడితే నేరం ఎవరిది?

చిన్న పెట్రోలు ఇంజను స్టార్టు కాకపోవడం ఒక ఉద్యోగిపై క్రమశిక్షణా చర్యకు కారణం కాగలదని బయటివారు నమ్మకపోవచ్చు. మనకు ఇది వింత కాదు. రాత్రి బ్లాకులో లైను పనికి వెలుతురు ఇవ్వవలసిన జనరేటరు మొరాయించినా, పట్టా కోసే యంత్రం తాడు ఎన్నిసార్లు లాగినా పలకకపోయినా, పని ఆగిపోయినందుకు సంజాయిషీ చెప్పుకోవలసినవాడు ఆ యంత్రం ప్రక్కన నిలబడిన మనిషే. "నిర్లక్ష్యము వలన యంత్రము పనిచేయని స్థితికి వచ్చినది" అనే వాక్యం మెమోలో టైపు కావడానికి పట్టే సమయం, ఆ యంత్రపు మాగ్నెటు కవరు విప్పి చూడడానికి పట్టే సమయం కంటె తక్కువ. కనుకనే మెమో ముందు వస్తున్నది, కవరు విప్పడం తరువాతి మాట అవుతున్నది.

కొన్ని సంవత్సరాల క్రితం మా దృష్టికి వచ్చిన ఒక కేసును ఇక్కడ ప్రస్తావించడం అవసరం. స్టోర్సులో ఒక వర్షాకాలమంతా కదలకుండా పడి ఉన్న పాత జనరేటరును రాత్రి పనికి తెచ్చినారు. అది కాంటాక్టు పాయింట్లతో నడిచే పాత తరపు ఇంజను. పెట్రోలు ఉన్నది, కార్బురేటరు శుభ్రంగా ఉన్నది. ఇంజను మాత్రం స్టార్టు కాలేదు. ప్లగ్గు విప్పి, ఇంజను ఒంటికి ఆనించి, తాడు లాగి చూచినారు. సన్నని, పసుపు రంగు నిప్పురవ్వ ఒకటి కనిపించినది. "కరెంటు వస్తూనే ఉన్నది, వీడికే స్టార్టు చేయడం రాదు" అని పర్యవేక్షకుడు తేల్చినాడు. మరునాడు మరమ్మతు కాంట్రాక్టరు మనిషి వచ్చి, కవరు విప్పకుండానే, కాయిల్ కాలిపోయినదని వ్రాసి ఇచ్చినాడు. దానితో రెండు కాగితాలు ఒకేరోజున బయలుదేరినవి. ఒకటి కొత్త కాయిల్ కొనుగోలుకు, రెండవది యంత్రాన్ని సరిగా చూచుకోలేదని హెల్పరుకు ఎస్.ఎఫ్.-11 మెమో. ఈ రెండు కాగితాలలో ఒకటి నిజమైతే రెండవది నిజం కాజాలదన్న సంగతి సంతకాలు చేసినవారికి తోచలేదు. కాయిల్ దానంతట అది కాలిపోయినదైతే హెల్పరు నిర్లక్ష్యం ఎక్కడిది?

మా శాఖా కార్యదర్శి ఒకే ఒక్క కోరిక కోరినాడు: ఇరుపక్షాల సమక్షంలో మాగ్నెటు విప్పించండి. విప్పినారు. పాయింట్ల ముఖాలమీద తేమకు పట్టిన బూడిదరంగు పొర ఉన్నది. పెట్రోలులో తడిపిన కాగితపు ముక్కను పాయింట్ల నడుమ పెట్టి లాగితే నల్లటి చార వచ్చినది. అదే పనిని పొడి కాగితంతో మరి రెండు సార్లు చేసి, గ్యాపు సరిచూచి, కవరు బిగించినారు. మూడవసారి తాడు లాగగానే ఇంజను అందుకొన్నది. మెమో ఉపసంహరింపబడినది. కొనుగోలు చేసిన కొత్త కాయిల్ మాత్రం స్టోర్సులో డబ్బా విప్పకుండానే ఉండిపోయినది.

దీనినుండి మేము అనవలసినది ఇదే: పాత ఇంజనులో నిప్పురవ్వ బలహీనపడడానికి కారణాలు లెక్కపెట్టదగినన్నే. వాటిని ఒక వరుసలో పరీక్షించవచ్చు. ఆ వరుసలో ముందుండేవి దాదాపు ఖర్చు లేనివి. ఆ వరుస పూర్తి కాకుండా మనిషిమీద మెమో గాని, యంత్రంమీద "కండెమ్" అనే ముద్ర గాని వేయరాదు. యంత్రాన్ని గురించి తెలుసుకోవడం మన పని కాదని అనుకొనే కార్యకర్తలు కొందరు మనలో ఉన్నారు. వారితో మేము ఏకీభవించలేము. విచారణ గదిలో "నిర్లక్ష్యం" అనే మాటకు ఎదురు నిలువగలిగినది ఆ యంత్రాన్ని గురించిన పరిజ్ఞానమే.

ఈ నిప్పురవ్వ ఎట్లా పుడుతున్నదో కొంచెం చెప్పుకొందాము. తీగచుట్ట దగ్గర అయస్కాంతపు ప్రభావం మారితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే నిరూపించినాడు. ఆయన కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చినవాడు. మన బైండింగు విభాగంలోని సోదరులకు ఈ సంగతి సంతోషం కలిగించవచ్చు. ఇంజను ఫ్లైవీల్‌లో బిగించిన అయస్కాంతాలు కాయిల్ ముందునుండి తిరుగుతూ పోయేటప్పుడు ప్రైమరీ చుట్టలో కరెంటు పుడుతుంది. పాయింట్లు మూసి ఉన్నంతసేపు ఆ కరెంటు ప్రవహిస్తూ ఉంటుంది. సరియైన క్షణంలో పాయింట్లు విడిపోయి దానిని తటాలున తెంపుతవి. ఆ తెంపులోనే సెకండరీ చుట్టలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్గు కొనవద్ద నిప్పురవ్వగా దూకుతవి. తెంపు ఎంత చురుకుగా ఉంటే నిప్పురవ్వ అంత బలంగా ఉంటుంది. విడిపోయే పాయింట్లమధ్యనే కరెంటు మంటగా సాగిపోతే ఆ చురుకు నశిస్తుంది. దానిని అరికట్టడానికే కండెన్సరు ఉన్నది. 1853లో ఫిజో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ ఉపాయాన్ని కనిపెట్టినాడు. నేటి పాత స్కూటరులో కూడా పనిచేస్తున్నది అదే ఉపాయం.

పర్యవేక్షకుడు చూచిన నిప్పురవ్వ మాటేమిటి? అది అబద్ధం కాదు, కాని సాక్ష్యానికి చాలదు. బయటి గాలిలో ఒక మిల్లీమీటరు ఎడమును దూకడానికి సుమారు 3,000 వోల్టులు చాలును. ప్లగ్గు గ్యాపు 0.6 మిల్లీమీటరు మాత్రమే. సిలిండరులో గాలి, పెట్రోలు ఆవిరి అనేక రెట్లు అదమబడి ఉండగా అదే ఎడమును దూకడానికి అంతకు ఎన్నో రెట్ల వోల్టేజి కావలెను. కనుక బయట ఆనించినప్పుడు వెలిగిన ప్లగ్గు లోపల ఆరిపోవడంలో ఆశ్చర్యం లేదు. సరియైన పరీక్ష మరొకటి ఉన్నది. పక్క కొమ్మును కోసివేసిన పాత ప్లగ్గునో, ఎడము మార్చుకోగల టెస్టరునో తీసుకొని, 5 మిల్లీమీటర్ల ఎడమును నిప్పురవ్వ దూకుతున్నదా లేదా చూడవలెను. నీలంగా, చిటచిట శబ్దంతో దూకితే మంచిది. పసుపుగానో ఎర్రగానో సన్నని దారంవలె ఉండి, ఒకసారి వచ్చి మరొకసారి రాకపోతే బలహీనమైనది. పరీక్షించేటప్పుడు టెస్టరు ఇంజను లోహానికి గట్టిగా ఆని ఉండవలెను, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఉండవలెను. రంధ్రంనుండి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకొంటుంది. కేబులును గాలిలో వదిలి తాడు లాగడమూ తగదు. దూకడానికి దారి దొరకని వోల్టేజి కాయిల్ లోపలి ఇన్సులేషనునే చీల్చుకొని పోతుంది. మంచి కాయిల్‌ను పరీక్షలోనే చంపివేసినవారిని మేము ఎరుగుదుము.

బలహీనమని తేలిన తరువాత మొదట ప్లగ్గును మార్చి చూడవలెను. మంచిదని తెలిసిన ప్లగ్గుతోనే సుమా. ప్లగ్గు టోపీ తీసివేసి, కేబులు చివర అర అంగుళం కోసి, కొత్త రాగి పోగులు తేల్చి మళ్లీ చూడవలెను. ఇంజను ఆపే స్విచ్చికి పోయే తీగను ఊడదీసి చూడవలెను. ఎన్నో ఇంజనులలో ఆ తీగ తొడుగు చిరిగి లోహానికి తగిలి, కరెంటును దారిలోనే దోచుకొంటున్నది. ఈ మూడింటికి పది నిమిషాలు పట్టదు.

తరువాతివి పాయింట్లు. ఇక్కడ మేము కొంత నిలబడవలసి ఉన్నది. ప్రైమరీ చుట్ట నిరోధం సాధారణంగా ఒక ఓముకు అటూ ఇటూ ఉంటుంది. పాయింట్లమీది పొర మరొక ఓము నిరోధం కలిపినదనుకొందాము. కిక్కు కొట్టే వేగంలో ప్రవహించే కరెంటు దాదాపు సగమైపోతుంది. కాయిల్‌లో నిలువయ్యే శక్తి కరెంటు వర్గాన్నిబట్టి ఉంటుంది గనుక అది నాలుగవ వంతుకు పడిపోతుంది. కంటికి కనిపించీ కనిపించని మురికి నిప్పురవ్వలో మూడు వంతులను మింగివేస్తున్నదన్న మాట. సిగ్నలు విభాగంలో రిలే కాంటాక్టులతో పనిచేసిన మన సోదరులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. 2013 జూలైలో టెలిగ్రాఫు సేవ ముగిసేవరకు ఆ శాఖలో పనిచేసిన పెద్దలకు కూడా చెప్పనక్కరలేదు. మోర్సు కీ కాంటాక్టులను తుడిచిన చేతులు పాయింట్లను తుడవడానికి కొత్తగా నేర్చుకోవలసినది ఏమీ లేదు.

పాయింట్లను ముతక ఉప్పుకాగితంతో రుద్దరాదు. దాని రజను పాయింట్ల నడుమ మిగిలిపోయి పొర చేసే పనినే చేస్తుంది. కొద్దిపాటి గుంటలు ఉంటే సన్నని ఆకురాయితో చదును చేసి, పెట్రోలు కాగితంతోను, ఆపైన పొడి కాగితంతోను తుడవవలెను. గుంట లోతుగా ఉండి ఎదుటి ముఖంపై గుట్ట ఏర్పడితే కండెన్సరును అనుమానించవలెను. ఇంజను తిరిగేటప్పుడు పాయింట్లమధ్య నీలిమంట ఎడతెగక కనిపించినా అంతే. ఈ ఇంజనులలో కండెన్సరు విలువ సాధారణంగా 0.2 నుండి 0.3 మైక్రోఫారాడు వరకు ఉంటుంది. నేడు సామాన్యమైన మల్టీమీటరుతోనే దానిని కొలవవచ్చు. కొత్తది గనుక మంచిదే అని మాత్రం నమ్మరాదు. కొలిచిన తరువాతనే బిగించవలెను.

గ్యాపు ఎంత ఉండవలెనో ఆ ఇంజను పుస్తకంలో ఉంటుంది. అనేక చిన్న ఇంజనులకు అది 0.35 నుండి 0.45 మిల్లీమీటరు మధ్యన ఉంటుంది. పాయింట్లు పూర్తిగా విచ్చుకొన్న చోట ఫీలర్ గేజితో కొలవవలెను. గ్యాపు పెరిగితే పాయింట్లు తొందరగా విడిపోతవి, తగ్గితే ఆలస్యంగా విడిపోతవి. రెండింటిలోను కరెంటు పరాకాష్ఠలో ఉన్న క్షణం దాటిపోయి నిప్పురవ్వ సన్నగిలుతుంది. కొలిచిన ప్రతిసారి గ్యాపు వేరువేరుగా వస్తే చేతిని తప్పుపట్టకండి. ఫ్లైవీలును పట్టుకొని పైకి క్రిందికి కదిపి చూడండి. ఆట కనిపిస్తే క్రాంకు బేరింగులు అరిగిపోయినవి. పాయింట్లమీద మాటిమాటికి నూనె చేరుతుంటే ఆయిల్ సీలు పోయినది. ఇటువంటి ఇంజనుకు ఎన్ని కాయిళ్లు మార్చినా ప్రయోజనం లేదు. అరిగిన బేరింగు హెల్పరు నిర్లక్ష్యానికి గుర్తు కూడా కాదు, గడువు దాటినా ఓవర్‌హాలు చేయించని వారి సంతకానికి గుర్తు.

కాయిల్ వంతు ఇంత దూరం వచ్చిన తరువాతనే. కాయిల్ చెడిపోదని మేము అనడం లేదు. చల్లగా ఉన్నప్పుడు చక్కగా పనిచేసి, అరగంట నడిచి వేడెక్కగానే ఆగిపోయి, చల్లబడిన తరువాత మళ్లీ పలికే ఇంజనులో కాయిల్ మీదనే మొదటి అనుమానం పెట్టుకోవడం న్యాయం. కండెన్సరు కూడా అటువంటి వేషాలు వేస్తుంది గనుక మొదట దానిని మార్చి చూడడం చవక. కాయిల్ కాళ్లకు, అయస్కాంతాలకు మధ్య ఎడము ఎంతో కూడ చూడవలెను. ఎన్నో ఇంజనులకు అది పావు మిల్లీమీటరుకు దరిదాపున ఉంటుంది. మెకానిక్కులు గేజి లేనప్పుడు విజిటింగ్ కార్డును నడుమ పెట్టి బిగించడం మనం చూస్తూనే ఉన్నాము. ఆ కాళ్లమీద తుప్పు పేరుకొంటే అయస్కాంతపు బలం అందవలసినంత అందదు. ఫ్లైవీలును సుత్తితో కొట్టి ఊడదీసే అలవాటువల్ల పాత అయస్కాంతాలు బలహీనపడతవి, అర్ధచంద్రాకారపు కీ తెగుతుంది, బేరింగులు దెబ్బతింటవి. పుల్లరు అనే పనిముట్టు ఇవ్వకుండా సుత్తి ఇచ్చినవారు తరువాత దెబ్బలు లెక్కపెట్టడానికి వస్తున్నారు.

మరొక సంగతి తరచుగా మరుగున పడుతున్నది. మాగ్నెటుకు బ్యాటరీ లేదు. ఫ్లైవీలు ఎంత వేగంగా తిరిగితే వోల్టేజి అంత. తాడు చుట్టే కప్పీ అరిగి జారుతుంటే, కిక్కు పళ్లు అరిగి సగం దూరంలోనే వదిలివేస్తుంటే, మాగ్నెటు నిర్దోషిగా ఉండి కూడా నిప్పురవ్వ బలహీనంగా కనిపిస్తుంది. బలమైన మనిషి లాగితే స్టార్టయ్యే ఇంజను, రాత్రి డ్యూటీలో అలసిపోయిన మనిషి లాగితే స్టార్టు కాదు. అప్పుడు "వీడికే చేతకాదు" అనే మాట వినబడుతున్నది.

ఇదంతా శాఖాపరమైన యంత్రాలకు మాత్రమే సంబంధించినది కాదు. మన సభ్యులలోను, పింఛనుదారులలోను ఎందరో నేటికీ పాత స్కూటర్లు నడుపుతున్నారు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కోసం పేరు నమోదు చేయించుకొని ఏళ్ల తరబడి ఎదురుచూచి, శాఖనుండి అప్పు తీసుకొని కొనుక్కొన్న తరం అది. తరువాత ఆ పెట్రోలు స్కూటరు తయారీ నిలిచిపోయినది. లక్నోలోని ప్రభుత్వరంగ సంస్థ స్కూటర్స్ ఇండియాను మూసివేయాలని 2021లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించినది. విజయ్ సూపరు చేసినది ఆ సంస్థయే. అటువంటి బండికి "కాయిల్ పోయినది" అని ఒక మాట చెప్పి వందల రూపాయలు వసూలు చేయడం ఎంత తేలికో పింఛనుదారులను అడగండి. పాయింట్లు తుడిచి చూచినావా అని అడగగలిగిన ముసలి పోస్టుమాన్ దగ్గర ఆ మాట చెల్లదు.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషనుకు మేము వ్యతిరేకులము కాము. పాయింట్లు లేని ఇంజనుకు పైన చెప్పిన తంటాలలో సగం లేవు. కొత్త యంత్రాలు రావలెను. కాలం చెల్లినవి పోవలెను. 15 సంవత్సరాలు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషనును 2023 ఏప్రిల్ 1 నుండి పునరుద్ధరించడం లేదు. ఆ విధానంలోని మంచిచెడ్డలు వేరే చర్చ. మా అభ్యంతరం ఒక్కటే. కొత్త యంత్రం ఇవ్వరు, పాతదానిని చక్కబెట్టే ఫిట్టరు పోస్టును సరెండరు చేస్తారు, ఫీలర్ గేజి ఇండెంటును త్రిప్పి పంపుతారు, మరమ్మతును వార్షిక కాంట్రాక్టుకు అప్పగిస్తారు. ఆ కాంట్రాక్టరుకు పాయింట్లు తుడిస్తే లాభం లేదు, కాయిల్ మారిస్తేనే బిల్లు. ఈ ఏర్పాటులో తెలివిగలిగిన చేతులు ఖాళీగా ఉండి, తెలివి లేని బిల్లులు నిండుతున్నవి.

కాబట్టి శాఖా కార్యదర్శులు, డిఫెన్స్ హెల్పర్లు ఈ క్రింది సంగతిని గుర్తుంచుకోవలెనని కోరుతున్నాము. రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలు, 1968 లోని 11వ నిబంధన క్రింద గాని, తపాలా ఉద్యోగులకు వర్తించే 1965 నాటి సి.సి.ఎస్. - సి.సి.ఎ. నిబంధనలలో 16వది క్రింద గాని చిన్న శిక్షకు మెమో వచ్చినప్పుడు, విచారణ జరిపి తీరవలెననే నియమం సాధారణంగా లేదు. అధికారి అవసరమనుకొంటేనే జరుగుతుంది. కనుక సభ్యుడు వ్రాసుకొనే సంజాయిషీయే అతని మొత్తం వాదన. ఎస్.ఎఫ్.-11కు అందినప్పటినుండి పది రోజుల గడువు ఉంటుంది. ఆ పది రోజులలో క్షమాపణ ధోరణిలో నాలుగు పంక్తులు వ్రాసి ఇచ్చి రావడం మన సభ్యుల అలవాటు. అట్లా వ్రాయవద్దు. యంత్రాన్ని యథాస్థితిలో ఉంచి ఇరుపక్షాల సమక్షంలో విప్పవలెనని వ్రాతపూర్వకంగా కోరండి. నిప్పురవ్వను ఎంత ఎడమువద్ద పరీక్షించినారో, ఎవరు పరీక్షించినారో అడగండి. పాయింట్ల గ్యాపు చివరిసారి ఎప్పుడు కొలిచినారు? కొలిచిన గేజి ఏ డిపోలో ఉన్నది? కండెన్సరు ఎప్పుడు మార్చినారు? ఓవర్‌హాలు గడువు ఏ తేదీకి పడినది? యంత్రం స్టోర్సులో ఎన్ని నెలలు ఉన్నది, ఆ కాలంలో ఎవరి ఆధీనంలో ఉన్నది? ఈ ప్రశ్నలకు లాగ్ పుస్తకంలో జవాబు లేకపోతే, లేదన్న సంగతినే సంజాయిషీలో వ్రాయండి.

యంత్రం కాంట్రాక్టరు చేతికి పోకముందే పాయింట్ల ఫోటో ఒకటి తీసి ఉంచుకోండి. నేడు ప్రతి సభ్యుని జేబులోను కెమెరా ఉన్నది. విప్పిన ఫ్లైవీలును నేలమీద వదిలివేయక, అయస్కాంతాల ముఖాలమీద ఒక ఇనుప ముక్కను ఆనించి పెట్టండి. కాంట్రాక్టరు మార్చివేసిన పాత కాయిల్‌ను రసీదు వ్రాయించుకొని వెనక్కు అడిగి తీసుకోండి.